పెద్దింటి తుపాకికి చిన్నింటి చెక్క

నంద్యాలలో ముప్పై ఏళ్ళ పైచిలుకు తుపాకులు బాగుచేసి రిటైరయ్యానని చెబితే ఇప్పటి పిల్లలు నన్ను ఎగాదిగా చూస్తారు. ఎంతమందిని చూశావు తాతా, ఏమేం చూశావు అని అడుగుతారు. వాళ్ళ ఆశకు తగినట్టు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను పేల్చిన తూటాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊడదీసిన మరలకు మాత్రం లెక్క లేదు. కిరసనాయిలు వాసనకు మా ఇంట్లోవాళ్ళు నన్ను వాకిట్లోనే గుర్తుపట్టేవాళ్ళు.

మాది సర్కారు లైసెన్సు ఉన్న మరమ్మతు షాపు. డెబ్భైలలో మా దగ్గరికి వచ్చే తుపాకుల్లో చాలావరకు మాకంటే పెద్దవి. ఇంగ్లండులోనో బెల్జియంలోనో పుట్టి, ఏ దొర చేతిలోనో తిరిగి, చివరికి ఏ శనగ చేల మోతుబరి గోడకో చేరినవి. వాటికి విడిభాగాలు ఎక్కడా దొరకవు. స్ప్రింగు విరిగితే అది ఏ తయారీదో, ఏ కాలపుదో పోల్చుకోవాలి. పాత ఇనుములో దానికి తగిన తోబుట్టువును వెతకాలి. దొరక్కపోతే ఆకురాయి పట్టుకుని కొత్తది పుట్టించాలి. ఏ భాగం ఏ తుపాకిదో చూడగానే చెప్పగలగడమే మా పనిలో చదువు. ఆ చదువు నాకు బాగా వచ్చు. ఈ కథంతా అక్కడే మొదలైంది.

జోడు గొట్టాల తుపాకి మూడు ముక్కలుగా ఊడుతుంది. గొట్టాలు ఒకటి. భుజానికి ఆనించే మడమ, తూటాను కొట్టే గుర్రాలు, మీట ఉండే బాడీ ఒకటి. గొట్టాల కింద ఎడమ చెయ్యి పట్టుకునే జానెడు చెక్క మూడోది. దాన్ని మేము ముందు చెక్క అనేవాళ్ళం. లోపలి వైపు దానికొక ఇనుప బిళ్ళ ఉంటుంది. ఆ బిళ్ళ బాడీని కరుచుకుని పట్టుకుంటేనే తుపాకి తుపాకిగా ఉంటుంది. చెక్క లేకపోతే, తూటాలు పెట్టడానికి తుపాకి మడిచినప్పుడు గొట్టాలు ఊడి కాళ్ళ మీద పడతాయి. మూడు ముక్కల మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది.

ఇప్పుడు ఆళ్లగడ్డ వైపు ఆచారం ఒకటి చెప్పాలి. ఆ పల్లెల నుంచి వచ్చే ఆసామి ఎవరూ మాకు పూర్తి తుపాకి ఇచ్చేవాడు కాదు. గొట్టాలు, బాడీ బల్ల మీద పెట్టి, ముందు చెక్కను మాత్రం పంచె మడతలోనో సంచిలోనో దోపుకుని బస్సెక్కేవాడు. తన తుపాకి తాను లేనప్పుడు ఇంకొకరి చేతిలో పేలకూడదు, అంతే. ఇంట్లో కూడా తుపాకి ఒక గదిలో, చెక్క ఇంకో గదిలో. కొందరు చెక్కను తలకింద పెట్టుకుని పడుకుంటారని చెప్పుకునేవాళ్ళు. మేము షాపులో ఉన్న పాత చెక్కలేవో తగిలించి పరీక్ష చేసి పంపేవాళ్ళం. అలా ఆ వైపు తుపాకుల్ని ఏళ్ళ తరబడి బాగుచేశానే గానీ, వాటి అసలు చెక్కల్ని నేను చూసిందే లేదు.

షాపులో ముగ్గురం. యజమాని సాయిబు, మాకు ఉస్తాద్. నిజాం కాలపు తుపాకులు చూసిన మనిషి. మెచ్చుకోలు ఆయన నోట్లోంచి పంటి నొప్పితో వచ్చినట్టు వచ్చేది. ఇనుము పని నాది. మిషను వాళ్ళ పనిబడిలో ఫిట్టరు పని నేర్చుకుని, ఆదివారం చర్చికి పోవడానికి రెండు గంటలు సెలవిస్తే చాలని చేరాను. చెక్క పని ఆచారిది. అది అతని పేరు కాదు, కులాన్ని బట్టి అందరూ అలాగే పిలిచేవాళ్ళు. నేను ఆచారన్నా అనేవాణ్ణి. నాకంటే పదేళ్ళు పెద్ద. విరిగిన మడమను అతికితే అతుకు ఎక్కడుందో అతనే మళ్ళీ చెప్పలేడు. మాట తక్కువ. మధ్యాహ్నం సద్ది విప్పితే నా ముందుకు సగం తోసేవాడు.

అతనంటే నాకు ఇష్టమే. ఇష్టంతో పాటు కడుపు మంట కూడా ఉండేది. ఉస్తాద్ షాపు తాళంచెవి రెండోది అతనికి ఇచ్చాడు. నాకు ఇవ్వలేదు. నేను వారం కష్టపడి స్ప్రింగు చేస్తే ఉస్తాద్ ఊఁ అనేవాడు. ఆచారి చెక్కకు నూనె పట్టిస్తే చేత్తో నిమిరి శభాష్ అనేవాడు. చిన్న విషయమే. ఇరవై ఆరేళ్ళ వయసులో చిన్న విషయాలే నిద్ర పట్టనివ్వవు.

ఒక వేసవిలో పెద్దింటాయన వచ్చాడు. ఆళ్లగడ్డకు ఏడెనిమిది మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊళ్ళో ఆయనది పెద్దిల్లు, తమ్ముడిది చిన్నిల్లు. భాగాలు పంచుకుని ఇరవై ఏళ్ళు దాటింది. పంచుకున్నాక మాటలు కూడా లేవు. ఒకరి గొడ్డు ఇంకొకరి గట్టెక్కితే నాలుగు తలలు పగిలే దాకా పోయేది. అన్నదమ్ములిద్దరికీ చెరొక తుపాకి. రెండూ ఒకే ఇంగ్లీషు తయారీ, జతగా కొన్నవి, వరస నంబర్లు. పెద్దింటిది ఆరుతో ముగుస్తుంది, చిన్నింటిది ఏడుతో. తండ్రి కాలంలో రెండూ ఒకే గోడకు వేలాడినవే.

ఆ రోజు ఆయన తెచ్చింది తుపాకిని కాదు, చెక్కను. మంచం మీది నుంచి జారి బండ మీద పడి నిలువునా పగిలింది. చెక్క పని కాబట్టి చెక్కను వదలక తప్పదు. ఆచారి అడిగితే సంచిలోంచి తీసి అతని చేతికిచ్చాడు. మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ ఇచ్చాడు. రసీదు రాయించుకున్నాడు. మెట్లు దిగుతూ మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. పెళ్ళి చేసి పంపే కూతుర్ని కూడా ఎవరూ అన్నిసార్లు చూడరని ఉస్తాద్ నవ్వాడు.

ఆచారి పగులుకు జిగురు పెట్టి, చీలలు దిగ్గొట్టి, అవిసె నూనె పట్టించాడు. నూనె ఆరడానికి ఎండ కావాలి. మా సందులో ఎండ పడదు. అందుకని చెక్కను ఇంటికి తీసుకుపోయి మిద్దె మీద ఆరబెట్టేవాడు. రూలు ప్రకారం షాపు సరుకు గడప దాటకూడదు. దాటుతుందని ఉస్తాద్‌కూ తెలుసు, నాకూ తెలుసు. పదిరోజుల తర్వాత చెక్క మళ్ళీ షాపుకు వచ్చింది. పెద్దింటాయన ఈసారి తుపాకి కూడా తెచ్చాడు, తన కళ్ళ ముందే బిగించి చూపాలని.

బిగించే ముందు బిళ్ళకు పట్టిన మడ్డిని కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. ఏళ్ళ నాటి మడ్డి. దాని కింద నుంచి నంబరు తేలింది. చివరి అంకె ఏడు. బాడీ తిప్పి చూశాను, ఆరు. గొట్టాలు చూశాను, ఆరు.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉస్తాద్‌ను లోపలికి పిలవాల్సింది. కానీ కనిపెట్టిన సంబరం ఉంది చూడండి, అది మనిషిని ఆగనివ్వదు. ఈ చెక్క ఈ తుపాకిది కాదు, దీని జతదని గట్టిగా చెప్పాను. శభాష్ అంటాడేమోనని ఉస్తాద్ వైపు కూడా చూశాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పెద్దింటాయన కేకలు వెయ్యలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఇరవై ఏండ్లు ఈ చెక్క నా ఒడి దిగలేదప్పా. దిగింది మీ కాడనే. నా చెక్క చిన్నింట్లో ఉందన్నమాట. రేపు యాడన్నా ఏదన్నా జరిగి, నా నంబరు చెక్క ఆడ పడుంటే కేసు ఎవురి మీదికొస్తాది?"

నాకు అప్పటిదాకా తట్టని ఆలోచన అది. తట్టాక మాత్రం నిజమే కదా అనిపించింది. అనుమానానికి ఉన్న గుణమే అది, విన్నవాడికి వెంటనే తెలివైనదిగా కనబడుతుంది.

"ఈ పదిదినాలు ఇది ఎవురి చేతిలో ఉండె?" అని అడిగాడు. నన్నే చూస్తూ అడిగాడు. ఆచారి ఆ పూట కట్టె కొనడానికి అడితికి పోయాడు.

నేను చెప్పగలిగిన జవాబులు చాలా ఉన్నాయి. షాపులో ఉంది అనొచ్చు. ఉస్తాద్‌ను అడగండి అనొచ్చు. ఆయన కళ్ళు నా మీద ఉన్నాయి, నా చేతిలో గుడ్డ ఉంది, గుడ్డకు మడ్డి ఉంది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను. ఆచారి ఎండబెట్టడానికి ఇంటికి తీసుకుపోయాడని చెప్పాను. అక్కడితో ఆగలేదు. మొన్న శుక్రవారం వాళ్ళ బామ్మర్ది ఇంట్లో బిడ్డకు తొట్టెలైతే మీ ఊరికే వచ్చాడు కదా అన్నాను. ఆ బామ్మర్ది చిన్నింటాయనకు పొలం దున్నే మడకలు చెక్కుతాడని నాకు తెలుసు. అది నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు, పెద్దింటాయనకు అంతకంటే బాగా తెలుసు.

చెప్పిన రెండూ నిజాలే. చెక్క ఇంటికి పోయింది. మనిషి ఊరికి పోయాడు. చెక్కతో పోయాడని నేను అనలేదు. రెండు నిజాల్ని పక్కపక్కన పెట్టానంతే. ఆయన వెళ్ళిపోయాక ఉస్తాద్ నన్నే చూస్తూ సిగరెట్ వెలిగించుకున్నాడు.

మర్నాటి సాయంత్రం నలుగురు మనుషులు ఆచారి ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చుని మంచినీళ్ళు అడిగారట. తాగారట. పిల్లలు ఎన్నో తరగతని అడిగారట. పోతూ పోతూ, చెక్క యాడుందో చెప్పితే మేలు ఆచారీ, అన్నారట. అంతే. మా వైపు దానికి మించి చెప్పరు. ఊళ్ళో అతని బామ్మర్ది కొట్టం కప్పు ఒక రాత్రికి అంటుకుంది. ఎవరు అంటించారో ఎవరూ చూడలేదు.

ఆచారి ఉస్తాద్ ముందు నిలబడి, పిల్లల మీద ఒట్టు, చెక్క మిద్దె దిగలేదు అన్నాడు. ఉస్తాద్ నమ్మాడో లేదో ఇప్పటికీ తెలియదు. షాపు లైసెన్సు మీద పడుతుందన్న భయం మాత్రం నిలువెల్లా ఉంది. కొన్నాళ్ళు రావద్దన్నాడు. ఆచారి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. ఉలులు గోనెసంచిలో చుట్టుకున్నాడు. నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యేసి, "నువ్వు జాగర్త తమ్ముడూ, ఈ ఇనుము పనిలో నీ మీదికి రానియ్యాకు," అన్నాడు. ఆ వారంలోనే పెళ్ళాంపిల్లలతో ఆత్మకూరు బస్సెక్కాడు. అక్కడ కట్టె అడితిలో మంచాలు, తలుపులు చేసుకుంటున్నాడని తర్వాత తెలిసింది. తుపాకి మడమలు చెక్కిన చేతులు అవి.

నాకు మనసు కాస్త పీకింది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, కాస్తే పీకింది. ఎందుకంటే మెల్లగా నేను కూడా నమ్మేశాను. దొంగ కాకపోతే ఊరెందుకు విడిచిపోతాడు? తొట్టెల నాడే ఎందుకు పోయాడు? అంత మెతకగా ఉండేవాళ్ళే చేస్తారు. ఇలాంటి మాటలు రోజూ నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఇదిగో అతను పోయిన నెలకే తాళంచెవి నా చేతికి వచ్చింది.

పెద్దింటాయన ఊరుకోలేదు. అర్జీ పెట్టాడు. ఆరు నెలలకు ఆళ్లగడ్డ తాలూకా ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. అన్నదమ్ములిద్దరూ తుపాకులతో రావాలి, షాపు నుంచి భాగాలు పోల్చేవాళ్ళు రావాలి. ఉస్తాద్‌కు కళ్ళలో పొరలు, అందుకని నన్ను పంపాడు. నేను పనిముట్ల పెట్టె సర్దుకుని బస్సెక్కాను. ఏడో నంబరు తుపాకికి ఆరో నంబరు చెక్క కొత్తగా తగిలించినట్టు తేలితే ఆచారి మీద కేసు ఖాయం. అలాగే తేలాలని దారి పొడుగునా కోరుకున్నాను. తేలితే నేను అబద్ధం ఆడనట్టే కదా.

తహసీల్దారు పెద్దమనిషి, ఓపిక ఉన్నవాడు. పొడుగాటి బల్ల వేయించాడు. ఇటు పెద్దింటాయన, అటు చిన్నింటాయన. ఇద్దరి ముక్కూ ఒకటే, నుదురూ ఒకటే, నిలబడే తీరూ ఒకటే. తుపాకులు బల్ల మీదికి వచ్చాయి. చెక్కలు రాలేదు. ఒకటి పంచె మడతలో ఉంది, ఇంకొకటి చంకలో గుడ్డసంచిలో ఉంది. ముందు ఆయన్ని పెట్టమను అని ఇద్దరూ. పావుగంట అదే గొడవ. చివరికి తహసీల్దారు బంట్రోతును మధ్యలో నిలబెట్టి రెండు చేతులూ చాపించాడు. అతని రెండు అరచేతుల్లో ఇద్దరూ ఒకేసారి చెక్కలు పెట్టారు. నవ్వొచ్చే సంగతే గానీ ఆ గదిలో ఎవరూ నవ్వలేదు, కిటికీల బయట ఇరువైపుల మనుషులూ నిలబడి ఉన్నారు.

నంబర్లు చదివాను. పెద్దింటి తుపాకికి ఏడో నంబరు చెక్క. చిన్నింటి తుపాకికి ఆరో నంబరు చెక్క. వినగానే చిన్నింటాయన మొహం నల్లబడింది. ఆయనకు అదే మొదటిసారి తెలియడం. నా చెక్క నీ కాడికి ఎట్ల పోయిందిరా అని అన్నను అడిగాడు. ఇరవై ఏళ్ళ తర్వాత అన్నతో మాట్లాడిన మొదటి మాట అదే అయ్యుండాలి. కిటికీల దగ్గర కాళ్ళు కదిలాయి.

తహసీల్దారు నన్ను ఒక్కటే అడిగాడు, ఈ మార్పు ఎప్పుడు జరిగింది? ఆరు నెలల కిందనా, ముందా?

చిమ్నీ దీపం ఒకటి కావాలని అడిగాను. పట్టపగలు దీపం వెలిగించి, పెద్దింటి చెక్క బిళ్ళను మంట మీద పట్టి సన్నగా మసి పట్టించాను. మా పనిలో ఇది పాత పద్ధతి. మసి పట్టించిన ఇనుమును బిగించి, నాలుగుసార్లు తుపాకి మడిచి తెరిచి, మళ్ళీ ఊడదీస్తే, ఇనుము ఇనుమును తాకిన చోటల్లా మసి చెరిగి తెల్లగా మెరుస్తుంది. కొత్తగా కలిసిన రెండు ఇనుములు రెండు మూడు చుక్కల దగ్గరే తాకుతాయి. ఏళ్ళు కలిసి అరిగితే మొత్తం తాకుతాయి.

ఊడదీశాను. బిళ్ళ ఈ చివర నుంచి ఆ చివర దాకా మెరిసింది.

చూసింది నమ్మలేక మళ్ళీ మసి పట్టించాను. మళ్ళీ అంతే. చిన్నింటి తుపాకికీ అంతే. ఇప్పుడు నంబర్ల ప్రకారం మార్చి, ఆరుకు ఆరు బిగించాను. పుట్టుకతో ఆ తుపాకిది అయిన చెక్క దాని మీద పట్టలేదు, ఒక పక్క గట్టి, ఒక పక్క లూజు. తీసి చూస్తే రెండే చుక్కలు. ఆరు నెలల్లో, ఆరేళ్ళలో ఇనుము అలా అరగదు. ఏ చెక్కతో ఉన్నవి ఆ చెక్కతోనే ఇరవై ఏళ్ళకు పైగా కలిసి అరిగాయి. ఆచారి ఎండబెట్టింది ఎప్పటి నుంచో పెద్దింట్లో ఉన్న చెక్కనే.

ఆ ఒక్క క్షణం నోరు మూసుకోవాలని కూడా అనిపించింది, దాచను. మసి అబద్ధం చెప్పదు, బల్ల చుట్టూ ఉన్న అందరూ చూశారు. చెప్పాను. మార్పు పాతది సార్, భాగాలు పంచుకున్ననాటిది అయ్యుంటుంది, షాపులో జరగలేదు అన్నాను.

చిన్నింటాయన, ఎవరి వైపూ చూడకుండా మెల్లగా అన్నాడు.

"అమ్మ ఇచ్చింది. మనిద్దరికీ అప్పుడే పడదని రెండు చెక్కలూ పెట్టెలో పెట్టి బీగం ఏసుకుండె. భాగాల నాడు తలా ఒకటి చేతిలో పెట్టె. ఆయమ్మకు నంబర్లు చదవను వస్తాదా."

పెద్దింటాయన తల దించుకున్నాడు. కొడుకులు ఒకర్నొకరు చంపుకోకుండా తల్లి దాచిన చెక్కలు అవి. ఇరవై ఏళ్ళకు పైగా ఒకరి చెక్కను ఇంకొకరు ఒడిలో పెట్టుకుని, ఒకరి మీద ఒకరు కాపలా కాశారు. వాళ్ళు కౌగిలించుకున్నారని రాస్తే మీకు బాగుంటుంది. అదేమీ జరగలేదు. నంబర్ల ప్రకారం చెక్కలు మార్చుకుంటారా అని తహసీల్దారు అడిగాడు. ముందు ఎవరివ్వాలో తేలలేదు. ఉన్నవి ఉన్నట్టే ఉండనిమ్మని రాసుకుని పంపేశాడు. మెట్ల దగ్గర ఇద్దరూ మళ్ళీ ఎవరి చెక్క వాళ్ళు దోపుకున్నారు.

ఉస్తాద్‌కు చెబితే ఆ ముసలాయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. పోయి ఆచారిని పిలుచుకుని రా, నేను తప్పు చేసినానని చెప్పు అన్నాడు. నా దగ్గరున్న తాళంచెవి మళ్ళీ అతనికే ఇమ్మని పంపాడు.

ఆత్మకూరులో అడితి వెనక ఒక రేకుల కొట్టం. ఆచారి తలుపు చట్రానికి చిత్రిక పడుతున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి, ఇంట్లోకి కేకేసి అన్నం పెట్టమన్నాడు. మసి సంగతి, అన్నదమ్ముల సంగతి, తల్లి పెట్టె సంగతి అన్నీ చెప్పాను. అన్నీ విన్నాడు. సంతోషపడతాడనుకున్నాను. చేతిలో రంపపుపొట్టు నలుపుతూ ఒక్కటే అడిగాడు.

"నేను చెక్కను ఇంటికి తీసుకపోయిన సంగతి, శుక్రవారం ఊరికి పోయిన సంగతి, రెండూ పెద్దింటాయనకు ఎవురు చెప్పిరి?"

ఆ రెండు సంగతులూ తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను, ఉస్తాద్.

నేను తల వంచుకున్నాను. తల వంచుకుంటే ఏదో ఒకటి చెప్పినట్టే. అతను నా మౌనాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు.

"ఉస్తాదేనా?"

అప్పుడైనా చెప్పొచ్చు. బయట అతని కూతురు నాకోసం చెంబుతో నీళ్ళు తెస్తోంది. నేను ఊఁ అన్నాను. మా ఉస్తాద్ నా స్ప్రింగులకు అనే ఊఁ లాంటిదే, అంత పొట్టిది.

"అట్లయితే ఆ గడప తొక్కను," అన్నాడు. తాళంచెవి నా చేతిలోనే ఉండిపోయింది. "నీ తప్పేముంది తమ్ముడూ, నువ్వు వచ్చి నా పేరు కడిగినావ్. కూచో, అన్నం తిను."

తిన్నాను. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి. గొంతు దిగలేదంటే అబద్ధం, ఆకలి మీద ఉన్నాను, బాగానే తిన్నాను.

రానన్నాడని ఉస్తాద్‌కు చెప్పాను. ఎందుకని అడిగితే, మనసు విరిగిందన్నాను. ఆచారి మాత్రం నన్ను వదల్లేదు. నా పెళ్ళికి వచ్చాడు, తన చేత్తో చేసిన టేకు మంచం తెచ్చాడు. ఏటా క్రిస్మస్‌కు మా ఇంటికి వచ్చేవాడు. నంద్యాల వచ్చినా షాపు ఉన్న సందు మీదుగా నడిచేవాడు కాదు, చుట్టు తిరిగి వచ్చేవాడు.

ఎనభైల మధ్యలో ఉస్తాద్ మంచం పట్టాడు. చివరి రోజుల్లో నేనే పక్కన కూర్చునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, "ఆచారి ఏంటికి రాడప్పా? నేను పిలిపిస్తి గదా. తప్పు ఒప్పుకుంటి గదా. నేనేం చేస్తి వానికి?" అని అడిగాడు. పని లేక అలిగాడులే ఉస్తాద్ అన్నాను. ఆయన ఎనిమిదో రోజుకు పోయాడు. నేను ఆత్మకూరుకు కబురు పంపాను. ఆచారి రాలేదు. జనాజాకు భుజం పట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందరూ నన్ను చూసి, శిష్యుడంటే ఇట్లుండాలన్నారు.

ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ళకు నాలుగు మంచి మాటలు రాయమని పత్రికవాళ్ళు అడిగారు. మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. ఇది వచ్చింది. తుపాకి భాగం ఏదైనా చేతికిస్తే అది ఏ తుపాకిదో నేను ఇప్పటికీ చెబుతాను. పెద్దింటాయన చెవిన పడ్డ ఆ మాట ఎవరిదో మాత్రం నలభై ఏళ్ళకు పైగా చెప్పలేకపోయాను.

ఆచారి ఉన్నాడు. ఎనభై దాటింది, చూపు ఆనదు. మనవరాలు రోజూ పొద్దున పేపరు, వారానికోసారి ఈ పత్రిక, మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి వినిపిస్తుందని కిందటి క్రిస్మస్‌కు వచ్చినప్పుడు తనే చెప్పాడు. ఇందులో నేను ఎవరి పేరూ రాయలేదు. అన్నా, నీకు పేర్లతో పని లేదు. చెప్పింది ఉస్తాద్ కాదు, నేను.